నో బైబిల్ నో బ్రేక్‌ఫాస్ట్ అంటే వెనక వరసలో నవ్వారు

పోయిన నెల మా చర్చికి వేరే ఊరి నుంచి ఒక అయ్యగారు వాక్యం చెప్పడానికొచ్చారు. మంచి గొంతు, మనిషి కూడా మంచాయనే, మధ్యమధ్యలో జోకులేస్తారు. ఆఖర్లో అందర్నీ కుడిచెయ్యి ఎత్తమని "నో బైబిల్ నో బ్రేక్‌ఫాస్ట్" అని మూడు సార్లు అనిపించారు. మీరు కూడా ఎక్కడో ఓ చోట అనే ఉంటారు, వీబీఎస్‌లోనో (సెలవుల్లో పిల్లలకి పెట్టే బైబిల్ తరగతులు) యూత్ మీటింగులోనో. మూడోసారి అంటుంటే ఆడవాళ్ళ వైపు వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. వీధులూడ్చే పనికి వెళ్ళే అక్క ఒకావిడుంది మా చర్చిలో, ఆవిడ పక్కామెతో అంటోంది, "నాలుగింటికే చీపురు పట్టుకుంటానే నేను, టిఫిన్ పదింటికి, బండి దగ్గర నిలబడి ఇడ్లీ తినేటప్పుడు బైబిలు ఎక్కడ పెట్టుకోను, చీపురు మీదా?"

అప్పుడు నాకు నవ్వు రాలేదు, ఇంటికొచ్చి భోంచేస్తుంటే వచ్చింది. ఆ తర్వాత నవ్వు పోయి ఆ మాట మాత్రం మిగిలిపోయింది. నాలుగు వారాల్నించి తిరుగుతూనే ఉంది బుర్రలో, అందుకే రాస్తున్నా.

రోజూ బైబిల్ చదవాలా అంటే నా జవాబు చదవాలనే, అందులో రెండో మాట లేదు. ఈ పోస్టు చదివి "అన్న రోజూ చదవక్కర్లేదంటున్నాడు" అని గ్రూపులో పెట్టకండి దయచేసి. నా బాధ వేరు. మనం దాన్ని ఆత్మీయ ఆహారం అంటాం, ప్రతి ప్రార్థనలోనూ అంటాం, కానీ వాడేది మాత్రం మందుబిళ్ళలాగా. పొద్దున్నే ఒకటి వేసుకుంటే రోజంతా ఏం కాదు, మర్చిపోతే ఏదో ఒకటి అవుతుంది. బండి పంక్చరైతే "ఇవ్వాళ వాక్యం చదవలా" అనుకోని వాళ్ళు మనలో ఎంతమంది? తిండి అట్లా పనిచేయదు కదా.

తడిసిన గోడ

మా నాయనమ్మకి చదువు రాదు. ఒంగోలు వైపు పల్లె మాది. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు కదా, అందులో మావాళ్ళు కూడా ఉన్నారని ఇంట్లో చెప్పుకుంటారు. రుజువేం లేదు. ఒంగోలు చుట్టుపక్కల ఏ పల్లెలో అడిగినా ఇదే మాట చెప్తారు, అందరూ చెప్పేది నిజమైతే ఆ రోజు ఏటి ఒడ్డున ఇరవై వేల మంది ఉండుండాలి. సరే అది పక్కన పెడితే, ఆ 2,222 మందిలో చదవడం వచ్చినవాళ్ళు ఎంతమంది ఉంటారు? కరువు కాలం, కాలవ తవ్వకం పనిలో కడుపు నింపుకుంటున్న మాదిగ కుటుంబాలు ఎక్కువ, అక్షరం అనేదాన్ని వాళ్ళ దగ్గరికి రానివ్వని ఊళ్ళు. వాళ్ళెవరూ పొద్దున్నే లేచి క్వయిట్ టైమ్ (ఒంటరిగా బైబిలు చదివి ప్రార్థించుకోవడం) చేసుకున్నవాళ్ళు కాదు. విన్నారు, పాటలు నేర్చుకున్నారు, పిల్లల్ని బడికి పంపారు. ఆ పిల్లలు చదివారు, వీళ్ళు మళ్ళీ విన్నారు.

మా ఇంట్లో ఆ పిల్లాణ్ణి నేను. నాలుగో తరగతి నుంచి పదో తరగతి దాకా రాత్రి అన్నాలయ్యాక ఒక అధ్యాయం పైకి చదవడం నా డ్యూటీ. నాయనమ్మ చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతూ వింటుంది. ఆదికాండం నుంచి మొదలుపెడితే ప్రకటన దాకా వరసగానే, ఎక్కడా దాటేయకూడదు. వంశావళులు వచ్చినప్పుడు నేను నాలుగు పేర్లు మింగేసేవాణ్ణి, ఆమెకి అక్షరం రాకపోయినా తెలిసిపోయేది. "పేర్లే గదా అని దాటేస్తున్నావా, వాళ్ళు మనుషులు గాదంట్రా?" అనేది. కరెంటు పోతే కిరసనాయిలు బుడ్డి. నాకు నిద్ర, ఆమెకి లేదు.

లేవీయకాండం 14వ అధ్యాయం గుర్తుందా మీకు? గుర్తుండదు, ఎవరూ ప్రసంగం చెప్పరు దాని మీద. ఇంటి గోడకి పచ్చగానో ఎర్రగానో మచ్చలు పడితే ఏం చెయ్యాలి, యాజకుణ్ణి ఎట్లా పిలవాలి, రాళ్ళు ఊడదీసి ఊరి బయట ఎట్లా పారెయ్యాలి, అదంతా ఉంటుంది. వానాకాలం ఆ అధ్యాయం వచ్చింది మాకు. మట్టి గోడల ఇల్లు, నేను ఆనుకుని కూర్చున్న గోడే తడిసి పాచి పట్టి ఉంది. నేను గబగబా చదివేస్తుంటే నాయనమ్మ ఆపింది. "ఆగాగు. యాజకుడు రాకముందే సామాను బయట పెట్టుకోమన్నాడా?" మళ్ళీ చదివా. అవును, 36వ వచనం, ఇంట్లో ఉన్నదంతా అపవిత్రం అనిపించుకోకుండా యాజకుడు లోపలికి రాకముందే ఇల్లు ఖాళీ చేయించాలని ఉంది. చేట పక్కన పెట్టి చాలాసేపు ఏం మాట్లాడలేదు ఆమె. తర్వాత అంది, "పేదోళ్ళ ఇంట్లో ఉండేవి నాలుగు చట్లు, రెండు దుప్పట్లు. ఆయన లోపలికొచ్చి చూశాడంటే అన్నీ మైల అయిపోతాయి. అందుకని ముందే బయట పెట్టుకోనిచ్చాడు. చూశావా దేవుడు ఎట్లా ఆలోచించాడో."

నేను ఆ తర్వాత చాలా పుస్తకాలు చూశా, పెద్ద చదువులు చదివినవాళ్ళ ప్రసంగాలు విన్నా. లేవీయకాండం గురించి ఇంతకంటే మంచి మాట నాకు ఎక్కడా దొరకలేదు. ఇది ఆమెకి ఎట్లా తట్టింది? ఒకటి, ఆమెది ఆ ఇల్లే. రెండోది, ఆమె దాటేయనివ్వలేదు. మాంచి వచనం ఏదుందా అని వెతుక్కుంటూ వెళ్ళేవాళ్ళకి లేవీయకాండం 14 ఎప్పటికీ తగలదు.

ప్లేటులో వాగ్దానాలు

డిసెంబర్ 31 రాత్రి వాచ్‌నైట్ సర్వీసులో పన్నెండు కొట్టాక ప్లేటులో వాగ్దాన కార్డులు తిప్పుతారు. కళ్ళు మూసుకుని ఒకటి తీసుకోవాలి, అది ఈ ఏడాదికి మన వాగ్దానం. నాకు ఆ క్షణం ఇష్టమే, అబద్ధం ఎందుకు. కార్డు బాలేదని మళ్ళీ ప్లేటు పట్టుకున్నవాడి వెనకాల తిరిగి ఇంకోటి తీసుకున్న పెద్దమనుషుల్ని కూడా చూశా. అందులో ఎవరికి వచ్చినా సంతోషపడే కార్డు యిర్మీయా 29:11. "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు." పెళ్ళి కావాల్సిన వాళ్ళకీ, వీసా రావాల్సిన వాళ్ళకీ, గ్రూప్స్ రాసేవాళ్ళకీ అందరికీ సరిపోతుంది.

ఒక్క వచనం వెనక్కి వెళ్ళండి. 10వ వచనంలో డెబ్బై ఏళ్ళు అని ఉంది. అది బబులోనుకి చెరపట్టుకుపోయిన వాళ్ళకి యిర్మీయా రాసిన ఉత్తరం. ఇంకొంచెం వెనక్కి, 28వ అధ్యాయంలో హనన్యా అని ఒక ప్రవక్త, రెండేళ్ళలో అందరూ ఇంటికొచ్చేస్తారని గుళ్ళో అందరి ముందూ చెప్పాడు, వింటానికి ఎంత బాగుంటుంది, కానీ అది అబద్ధం. యిర్మీయా అంటాడు, ఇళ్ళు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పిల్లలకి పెళ్ళిళ్ళు చెయ్యండి, మీరున్న ఊరి మంచి కోరండి, దాని కోసం ప్రార్థన చెయ్యండి. అంటే ఆ ఉత్తరం అందుకున్న పెద్దవాళ్ళలో చాలామంది మళ్ళీ యెరూషలేం చూడకుండానే పోతారు. ఆ వాగ్దానం వాళ్ళకి కూడానే. ఇదంతా తెలిశాక ఆ వచనం చిన్నదైపోయిందా? నాకైతే పెద్దదైంది. కానీ కార్డు తీసుకున్నవాడి చేతికి హనన్యా చెప్పిన అర్థమే వెళ్తోంది, యిర్మీయాది కాదు. వచనం మాత్రం యిర్మీయాదే. ఇది చిన్న విషయం కాదు.

నేను తిండి, మందుబిళ్ళ అంటున్నది దీని గురించే. తిండిలో నచ్చే కూర, నచ్చని కూర ఉంటాయి, రోజూ గుర్తుండదు. పోయిన బుధవారం మధ్యాహ్నం ఏం తిన్నారో చెప్పండి చూద్దాం. గుర్తులేదు, అయినా ఒంట్లో ఉంది. రోజూ చదివేది కూడా అంతే అని నా నమ్మకం, రోజూ ఏదో మాట వచ్చి గుండెకి తగలాలని కాదు. "ఇవ్వాళ దేవుడు నాతో ఏం మాట్లాడాడు" అని ప్రతిరోజూ నోట్‌బుక్‌లో రాయాలని యూత్‌లో మాకు నేర్పించారు, ఏం మాట్లాడనట్టు అనిపించిన రోజున కూడా ఏదో ఒకటి రాసేవాళ్ళం, అది ఒక రకంగా అబద్ధం రాయడం నేర్పినట్టే.

బైబిల్లో కూడా ఈ తినడం అన్న మాట అంత తియ్యగా ఏం లేదు. యెహెజ్కేలు ప్రవక్త గ్రంథపు చుట్ట తింటే నోటికి తేనెలాగా ఉంది, అందులో రాసి ఉన్నవి మాత్రం విలాపాలు. ప్రకటనలో యోహానుకి నోట్లో తీపి, కడుపులో చేదు. మన కార్డులన్నీ నోటి దగ్గరే ఆగిపోతున్నాయి.

పదకొండు సార్లు చదివినాయన

ఇప్పుడు నా వాదనకి అడ్డొచ్చే మనిషి గురించి చెప్పాలి. మా బంధువుల్లో ఒక పెద్దాయన, వరసకి పెదనాన్న. సంఘ పెద్ద. బైబిల్ మొదటి నుంచి చివరి దాకా పదకొండు సార్లు పూర్తి చేశాడు, ప్రతిసారీ చివరి పేజీలో తారీఖు వేసుకుంటాడు. నేను చూశా ఆ తారీఖులు. దాటేయడం లేదు, కార్డులు ఏరుకోవడం లేదు, నేను చెప్పిన పద్ధతిలోనే చదివాడు. అదే మనిషి చెల్లెళ్ళిద్దరికీ పొలంలో సెంటు కూడా ఇవ్వలేదు.

చిన్న చెల్లెలు, మాకు మేనత్త, ఒక క్రిస్మస్‌కి ఇంట్లో అందరూ ఉన్నప్పుడు సంఖ్యాకాండం 27 తీసింది. సెలోపెహాదు కూతుళ్ళు అయిదుగురు మోషే ముందు నిలబడి మా నాన్నకి కొడుకుల్లేరని మాకు భాగం లేకుండా పోవాలా అని అడుగుతారు, మోషేకి జవాబు తెలీక దేవుణ్ణి అడుగుతాడు, దేవుడు "సెలోపెహాదు కుమార్తెలు చెప్పినది యుక్తము" అంటాడు. అత్త అంతవరకు చదివి కళ్ళజోడు తీసింది. పెదనాన్న ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "వాళ్ళకి అన్నదమ్ముల్లేరు కాబట్టి ఇచ్చారు. నీకు నేనున్నాను. పైగా 36వ అధ్యాయం చూడు, బయటి గోత్రంలో చేసుకుంటే భూమి పోతుందని వాళ్ళని సొంత గోత్రంలోనే చేసుకోమన్నాడు. నిన్ను ఎక్కడికిచ్చామో తెలుసుగా" అన్నాడు. ఇంకేముంది, అత్త పుస్తకం మూసేసింది. (క్రైస్తవులకి వర్తించే 1925 నాటి భారతీయ వారసత్వ చట్టంలో కొడుక్కీ కూతురికీ సమానమే అన్న సంగతి ఆ రోజు ఎవరం ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఇప్పుడు బ్లాగులో ఎత్తడం తేలికే.)

ఆ రోజు నాకు నిజంగా భయం వేసింది. ఎందుకంటే ఆయనకి నా కంటే బాగా వచ్చు బైబిల్. రోజూ చదవడం వల్ల ఆయనకి దొరికింది ఏంటంటే ఎదుటివాళ్ళు తీసిన వచనానికి జవాబు వచనం. అయితే రోజూ చదవడం వల్ల ఉపయోగం లేదా?

చాలా రోజుల తర్వాత ద్వితీయోపదేశకాండం 17లో ఒక చోట ఆగిపోయా. రాజు సింహాసనం ఎక్కినప్పుడు ధర్మశాస్త్రానికి ఒక ప్రతి రాసుకోవాలి, దాన్ని తన దగ్గరే పెట్టుకుని బ్రతికున్నన్ని రోజులూ చదవాలి అని ఉంటుంది. ఎందుకు చదవాలి? కారణాలు చెప్తుంది అక్కడే, దేవుడికి భయపడటం, ఆ కట్టడలు పాటించడం, ఇంకోటి, తన సహోదరుల మీద గర్వించకుండా ఉండటం. చూడండి, రోజూ చదవమన్న ఆజ్ఞ ఇంత వివరంగా ఎవరికి ఇచ్చారో. ఊళ్ళో అందరికంటే ఎత్తున కూర్చునేవాడికి. భూమి చేతిలో ఉన్నవాడికి. చదివి చదివి తోబుట్టువుల కంటే కొంచెం కిందకి దిగాలి వాడు. అంటే పదకొండు సార్లు చదివినా దిగలేదంటే, చదవడం తప్పని కాదు, చదువుతున్నది తన గురించి అని అనుకోలేదు. పెదనాన్న సంఖ్యాకాండం 27 చదివిన ప్రతిసారీ తనని తాను మోషే స్థానంలో పెట్టుకుని ఉంటాడు. మోషే కనీసం దేవుణ్ణి అడిగాడు.

ఈ జవాబు నాకు పూర్తిగా సరిపోయిందా అంటే లేదు. పుస్తకం తనంతట తానే మనిషిని మార్చేస్తుందని చెప్పే సాక్ష్యాలు విన్నప్పుడల్లా నాకు ఆ చివరి పేజీ తారీఖులు గుర్తొస్తాయి.

ఎవరికి వినపడేలా

నాకు అర్థమైనంతవరకు తేడా ఇంకోచోట ఉంది. నాయనమ్మ దగ్గర నేను చదివేది ఇద్దరి మధ్య జరిగేది. నేను మింగితే ఆమె పట్టుకునేది, ఆమె అడిగితే నేను వెనక్కి వెళ్ళేవాణ్ణి. పెదనాన్న తలుపేసుకుని చదివేవాడు. పొద్దున అయిదింటికి ఆయన గదిలో లైటు వెలుగుతుంటే మేమంతా ఎంత గౌరవంగా చెప్పుకునేవాళ్ళమో. ఆ గదిలో ఆయన్ని "ఆగాగు" అనేవాళ్ళెవరూ లేరు.

బైబిల్ తనని తాను చదవమని చెప్పే చోట్లు చూస్తే చాలాసార్లు అక్కడ వినేవాళ్ళు ఉంటారు. నెహెమ్యా 8లో ఎజ్రా పొద్దున్నించి మధ్యాహ్నం దాకా చదివితే లేవీయులు జనం మధ్య నిలబడి అర్థం చెప్తారు. ప్రకటన మొదట్లోనే "చదువువాడును" అని ఏకవచనం, విని "గైకొనువారును" అని బహువచనం. ఒకడు చదివితే పదిమంది వింటారు, అప్పట్లో అంతే, పుస్తకం ఒక్కటే ఉంటుంది. రథంలో యెషయా చదువుకుంటూ పోతున్న ఐతియొపీయుడు కూడా ఒంటరిగానే ఉన్నాడు కానీ పైకి చదువుతున్నాడు, అందుకే ఫిలిప్పుకి వినపడింది, "నీవు చదువునది గ్రహించుచున్నావా?" అని అడగగలిగాడు. మనసులో చదువుకుని ఉంటే ఆ కథే లేదు. కీర్తన 1లో దివారాత్రము ధ్యానించువాడు అన్న చోట హెబ్రీలో ఉన్న మాటకి గొణగడం, నోట్లో అనుకోవడం అని అర్థం, యెషయా 31లో వేట దొరికిన సింహం గుర్రుమనడానికి కూడా అదే మాట వాడారు. ధ్యానం అనగానే మనం కళ్ళు మూసుకుని నిశ్శబ్దంగా కూర్చుంటాం, అక్కడేమో సింహం ఎముక కొరుకుతూ గుర్రుమంటోంది.

బైబిల్ యాప్‌లో చాలామంది పెట్టుకునే రోజుకి నాలుగు అధ్యాయాల ప్లాను ఒకటుంది, రాబర్ట్ మర్రే మెక్‌చెయిన్ అని స్కాట్లండ్ డండీలో పాస్టరు, 1842 ఆఖర్లో తన సంఘం కోసం తయారుచేశాడు. ఏడాదిలో పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండేసి సార్లు అయిపోతాయి. అసలు ప్లానులో రోజుకి నాలుగిట్లో రెండు అధ్యాయాలు కుటుంబంతో కలిసి చదవడానికి, రెండే ఒంటరిగా. ఇప్పుడు ఫోన్‌లో ఆ నాలుగూ ఒక్కడే చదువుకుంటున్నాడు, మెట్రోలో నిలబడి. ఇంకో సంగతి, ఆయన ప్లాను ఇస్తూ దాని ప్రమాదాలు కూడా తనే రాశాడు. మొక్కుబడిగా తయారవుతుంది, పూర్తి చేశామన్న గర్వం వస్తుంది, పరధ్యానంగా చదివేస్తారు, కొందరికి మొయ్యలేని కాడి అవుతుంది అని. 1842లోనే తెలుసు ఆయనకి. 1843 మార్చిలో జ్వరం వచ్చి 29 ఏళ్ళకే చనిపోయాడు, అంటే తను వేసిన ప్లాను తనే పూర్తి చెయ్యలేదు. నా ఫోన్‌లో 212 రోజుల స్ట్రీక్ (రోజూ తప్పకుండా చదివిన లెక్క) ఒక ప్రయాణంలో సిగ్నల్ లేక పోయినప్పుడు నేను రెండు రోజులు దిగులుగా ఉన్నా. చదవనందుకు కాదు, ఆ అంకె పోయినందుకు. పైగా ఆ రోజు రైల్లో పుస్తకం తీసి చదివాను కూడా! ఆ తర్వాత ఆ ఫీచర్ వైపు చూడ్డం మానేశా.

నా దగ్గర జవాబు లేనివి

ఇంట్లో కలిసి చదవండి అని చెప్పడం తేలిక. మా అబ్బాయి ఇంగ్లీష్ మీడియం, తెలుగు కూడబలుక్కుని చదువుతాడు, పరిశుద్ధ గ్రంథంలో (పాత గ్రాంథిక తెలుగు అనువాదం) "ఏలయనగా" దగ్గర ఆగి నా మొహం చూస్తాడు. వాడుక భాషలో అనువాదాలు ఉన్నాయి, అవి తెచ్చా, అర్థమవుతున్నాయి, కానీ వాడికి నాయనమ్మ చెవిలో ఉన్న ఆ మాటల మోత లేదు. నాకేమో ఆ మోత లేకపోతే వాక్యంలాగే అనిపించదు. ఇది నా జబ్బు, వాడిది కాదు. 1812లో తెలుగులో అచ్చైన మొదటి మూడు సువార్తల కోసం అంతకు ముందు విశాఖపట్నంలో మిషనరీలూ, వాళ్ళతో కూర్చుని అనువాదంలో సాయం చేసిన ఆనందరాయరూ చేసింది జనానికి అర్థమయ్యేలా చెప్పాలనే కదా. వాళ్ళకంటే చాలా ముందు మద్రాసులో షుల్జ్ అనే మిషనరీ చేసిన తెలుగు అనువాదం అచ్చు కాకుండానే పోయింది. అచ్చయినా చదవకుండా పోయేది మా ఇంట్లో ఉన్న జిప్ బైబిల్, దాని గురించి ఏం చెప్పను.

రెండోది, చదవలేని రోజులు. నాన్న పోయాక ఎనిమిది నెలలు నేను బైబిల్ తెరవలేదు. కోపం అని కూడా చెప్పలేను, అన్నం సహించనట్టే అది కూడా సహించలేదు. పరామర్శకి వచ్చిన ప్రతివాళ్ళూ ఒక వాగ్దానం చెప్పి వెళ్ళారు. మంచి మనసుతోనే. ఒక్కటి కూడా లోపలికి పోలేదు. ఆ రోజుల్లో నా నోట్లో తిరిగింది ఒకే ఒక్క మాట, "చీకటియే నాకు బంధువర్గమాయెను." 88వ కీర్తన ఆఖరి మాట అది. చాలా విలాప కీర్తనల్లో చివరికి వచ్చేసరికి కొంచెం వెలుతురు వస్తుంది, దీంట్లో రాదు, అక్కడే ఆగిపోతుంది. ఏ ప్లేటులోనూ ఆ కార్డు ఉండదు, ఎవరూ వాట్సాప్ స్టేటస్‌లో పెట్టరు. నాకు ఎట్లా వచ్చింది మరి? ఆరో తరగతిలోనో ఏడో తరగతిలోనో 87 తర్వాత 88 కాబట్టి చదివా, బియ్యం ఏరుతూ ఆమె విన్నది, ఏం వ్యాఖ్యానం చెయ్యలేదు, పడుకున్నాం. ఆ రోజు దాని వల్ల నాకు ఏం ఉపయోగం కలగలేదు. ముప్ఫై ఏళ్ళు ఊరికే పడి ఉంది లోపల.

నేను రోజూ చదవాలి అనడానికి ఉన్న అసలు కారణం ఇదే. ఏ రోజు ఏది కావాలో మనకి తెలీదు కాబట్టి ఏరుకోకూడదు, వరసగా అన్నీ లోపలికి పోవాలి. తినలేని రోజులు వచ్చినప్పుడు పాతదే పనిచేస్తుంది. అయితే దీన్ని ఇంకొకడి మీద రూలుగా ఎట్లా పెట్టాలో నాకు తెలీదు. మన్నా (అరణ్యంలో ఇశ్రాయేలీయులకి దేవుడు రోజూ కురిపించిన ఆహారం) గురించి నిర్గమకాండం 16లో పురుగులు పట్టిన సంగతి మనం బాగా చెప్తాం, దాచిపెడితే కుళ్ళిపోతుంది కాబట్టి రోజుది రోజే ఏరుకోవాలి అని. దాని పైన రెండు వచనాల్లో ఇంకో మాట ఉంది, ఎక్కువ కూర్చుకున్నవాడికి మిగల్లేదు, తక్కువ కూర్చుకున్నవాడికి తక్కువ కాలేదు అని. దాన్ని చెయ్యి ఎత్తించి మూడు సార్లు అనిపించగా నేను ఇంతవరకు చూడలేదు.

పోయిన ఆదివారం చర్చి అయ్యాక చెప్పుల దగ్గర ఆ అక్క కనపడింది. ఆ రోజు నవ్విన సంగతి విన్నానని చెప్తే సిగ్గుపడింది, "అయ్యో తమ్ముడూ, అయ్యగారికి చెప్పబాకు" అంది. మరి ఎప్పుడు చదువుతావక్కా అని అడిగా. ఆవిడకి చదవడం రాదంట. ఏడో తరగతి చదివే కూతురు రాత్రి అంట్లు తోముతుంటే పక్కన పీట వేసుకుని చదువుతుందంట, రోజుకో అధ్యాయం. ఒక్కోసారి మధ్యలోనే నిద్రొచ్చేస్తుంది, పిల్ల మాత్రం ఆపకుండా చదివేసి గుర్తు పెట్టేస్తుంది.

"రాత్రి ఏలీయా ప్రవక్త గురించి వచ్చింది. ఆ యెజెబెలు రాణికి భయపడి పారిపోయి చెట్టు కింద పడుకున్నాడుగా, ఇంక నా వల్ల కాదు చచ్చిపోతా అని. అక్కడిదాకా విన్నా. ఆయన పడుకున్నాడు, నేనూ గోడకి ఆనుకుని పడుకున్నా. తర్వాత ఏమైంది?"

దేవదూత వచ్చి తట్టి లేపాడక్కా, లేచి తినమన్నాడు అని చెప్పా. తిని మళ్ళీ పడుకున్నాడు. మళ్ళీ లేపి మళ్ళీ తినమన్నాడు, చాలా దూరం పోవాలి నువ్వు అని. దేవుడు మాట్లాడింది తర్వాత, నలభై రోజులు నడిచి కొండ దగ్గరికి వెళ్ళాక.

"ఏం పెట్టాడు తినడానికి?"

నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ళు.

ఆవిడ చెప్పులేసుకుంటూ ఒక్క క్షణం ఆగింది. "అయితే టిఫినే ముందన్నమాట" అని, మళ్ళీ అదే నవ్వు నవ్వి, కూతుర్ని కేకేసుకుంటూ గేటు వైపు వెళ్ళిపోయింది.